పరుపుబండ బస్తీ ఉరఫ్ సిరి హిల్స్ ఫేజ్-2

"ఈ మెషిన్ వచ్చిన అట్టపెట్టె మీ ఇంట్లో ఉంది కదమ్మా, ఒకసారి తెచ్చిస్తావా?" అని సిస్టర్ గారు అడిగిన క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది.

అప్పటికి అభి ముఖానికి మాస్కు పెట్టి ఉంది. వాడికి నాలుగేళ్లు. ముసురు పడితే చాలు, పిల్లికూతలు మొదలవుతాయి. ఆ ఆదివారం సాయంత్రం టీవీ ముందు కూర్చున్నవాడి చొక్కా పైకెత్తి చూస్తే డొక్కలు ఎగురుతున్నాయి. ఎత్తుకుని మా వీధి చివర కమ్యూనిటీ హాలుకు పరుగెత్తాను. అక్కడ సాయంత్రం పూట ఒక చిన్న ఆసుపత్రి నడుస్తుంది. పగలంతా కూలిపనికీ ఇళ్లలో పనికీ వెళ్లేవాళ్ల కోసం చీకటి పడే వేళకు తెరుస్తారు. ఒక సిస్టర్ గారు, వారానికి కొన్ని రోజులు వచ్చే డాక్టర్, బీపీ చూసే యంత్రం, షుగర్ చూసే యంత్రం, ఊపిరి ఆడనివాళ్లకు మందు ఆవిరి పట్టే నెబ్యులైజర్. అంతే. కానీ అభి పుట్టాక నేను నిద్రపోయిన రాత్రులన్నీ ఆ హాలు దగ్గర్లో ఉందన్న ధైర్యంతో పోయినవే.

ఆ మెషిన్ కొత్తగా వచ్చినప్పుడు దాని అట్టపెట్టెను అభి బస్సు ఆట కోసం అడిగి తెచ్చుకున్నాడు. సిస్టర్ గారికి అది గుర్తుంది.

"పెట్టె ఎందుకండీ?" అన్నాను.

"తిరిగి అప్పజెప్పాలి. నెలాఖరు తర్వాత సాయంత్రం క్లినిక్ ఉండదు. సర్కారు గ్రాంటు మీకు ఈ ఏడు రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"మీరు వెనకబడినవాళ్లు కాదట."

షుగర్ పరీక్ష కోసం గోడవారన కూర్చున్నవాళ్లు ఆ మాట విని ఎవరి చెప్పుల వంక వాళ్లు చూసుకున్నారు. పైరేకు కారుతున్నచోట పెట్టిన బకెట్టులో చుక్కలు పడుతున్నాయి.

ఇంటికి వచ్చాక పెట్టెను మంచం కిందికి తోశాను. ఇది రాస్తున్న రాత్రికి కూడా అది అక్కడే ఉంది. ఎన్నాళ్లుంటుందో చెప్పలేను. అది అక్కడ ఉంచడం కోసమే ఈ ప్రయాణం.

బోరబండ నుంచి పంజాగుట్టకు యాత్రేంటని నవ్వకండి. దూరం ఆటో వాడు బేరమాడేంత కూడా లేదు. కానీ మా సందులో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆ దారిలో రోజూ పనికి వెళ్తారే తప్ప, ఒక మాట అడగడానికి ఎప్పుడూ వెళ్లలేదు. వెళ్లనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

సోమవారం, బల్కంపేట మీదుగా

నాతో వచ్చింది యాదమ్మక్క. మా ఎదురింటావిడ. అమీర్‌పేటలో కోచింగ్ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఇక్కడ నా పేరు ఎవరికీ తెలియదు. మా అమ్మాయి పేరు లాస్య కాబట్టి నేను లాస్య మమ్మీని. మా బాపట్లలో అయితే పెళ్లయి వచ్చిన కోడల్ని ఫలానా వాళ్ల కోడలు అంటారు. ఇక్కడ కనీసం నేను కన్నదాని పేరుతో పిలుస్తున్నారు, ఆ మేరకు నయం.

అభిని యాదమ్మక్క అత్తగారికి అప్పగించి, "వెళ్లొస్తానండీ" అన్నాను. యాదమ్మక్క మాత్రం "పోతున్న" అంది. మా వైపు గడప దాటేటప్పుడు ఆ మాట ఎవరూ అనరు.

"పోతున్న అనకక్కా, వెళ్లొస్తా అను."

"పోకుండ ఎట్లొస్త?" అంది.

బోనాల రోజులు. బల్కంపేట దగ్గర ఎల్లమ్మ గుడికి వెళ్లే జనంతో రోడ్డు నిండిపోయి ఆటో అడుగు కదలలేదు. పసుపు రాసిన కుండల మీద వేపమండలు, వాటి మీద దీపాలు, కింద వాన నీళ్లు. డప్పుల చప్పుడుకు ఆటో అద్దం వణుకుతోంది. పక్కన ఒక పెద్దావిడ తలమీద బోనంతో, చేతిలో మొబైలుతో, "ఏడున్నవ్ రా, నేను చెప్పుల దుకాణం కాడ ఉన్న" అని అరుస్తోంది. ఇంకో రోజైతే దిగి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆ రోజు నాకు ఆ జనమంతా దగ్గుతున్నట్టే కనిపించారు.

ఆటో అతను మీటరు ఆపేసి, "దిగి నడవుండ్రి మేడం, జల్ది పోతరు" అన్నాడు. డబ్బులు మాత్రం అమీర్‌పేట దాకా తీసుకున్నాడు.

మైత్రీవనం పక్క సందు

అమీర్‌పేట నాకు కొత్త కాదు. డిగ్రీ అయ్యాక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోవడానికి ఇక్కడికే వచ్చాను. ఉద్యోగం రాలేదు, పెళ్లయింది. అప్పుడు చేతిలో కరపత్రం పెట్టి "అక్కా, డెమో ఫ్రీ" అన్న కుర్రాళ్లు ఇప్పుడు కూడా అక్కడే ఉన్నారు. అక్క కాస్తా మేడం అయింది, అంతే తేడా. మైత్రీవనం దాటేలోపు నా చేతిలో ఎన్ని కరపత్రాలు పడ్డాయంటే, వాన పెరిగితే వాటినే గొడుగుగా పట్టుకున్నాం.

గ్రాంటు ఇచ్చే ఆఫీసు పక్క సందులో ఒక భవనం పై అంతస్తులో ఉందని సిస్టర్ గారు చెప్పారు. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్ల నిండా కోచింగ్ పిల్లలు. పైకి వెళ్తే ఒక గది ముందు అమ్మాయి నిలబడి, "కొత్తగా వచ్చారా? పేరు రాసి లోపల కూర్చోండి, సార్ వస్తారు" అంది. ఇంత మర్యాదగా పిలిచే సర్కారు ఆఫీసు ఉందా అని ఆశ్చర్యపోతూనే కూర్చున్నాం. సార్ వచ్చారు. మైకు పెట్టుకున్నారు. "మీ జీవితాన్ని మార్చేది డేటా" అన్నారు. బోర్డు మీద గళ్లు గీశారు.

చాలాసేపటికి యాదమ్మక్క నా చెవిలో, "మన హాలు సంగతి ఎప్పుడడుగుదాం?" అంది. అప్పటికి నాకు అర్థమైంది, ఇది డెమో క్లాసని. పక్కన కూర్చున్న కుర్రాడు, "ఆంటీ, మీరు ఏ బ్యాచ్?" అని అడిగాడు.

"నేను వంట బ్యాచ్" అంది యాదమ్మక్క లేచి.

అసలు ఆఫీసు ఆ గదికి ఎదురు తలుపు. లోపల ఒక మేడం గారు కంప్యూటర్ ముందు ఉన్నారు. చెడ్డమనిషి కాదు. కూర్చోమన్నారు, నీళ్లిచ్చారు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. కేకలేసే మనిషయితే ఎదురు కేకలేయొచ్చు.

"ఏ ఏరియా అమ్మా?"

"పరుపుబండ బస్తీ అండీ."

ఆమె కొట్టి చూశారు. "ఆ పేరుతో ఏమీ లేదు."

"లేకపోవుడేంది మేడం?" అంది యాదమ్మక్క. "నేను కాపురానికొచ్చిన కాడ్నుంచి ఆడనే ఉన్న."

"బోరబండ దగ్గరేనా? అయితే ఇదిగో, సిరి హిల్స్ కాలనీ, ఫేజ్-2." ఆమె తెర మా వైపు తిప్పారు. మా సందు మొదట్లో స్వాగతద్వారంలా కట్టిన కమాన్ ఫోటో. ఇనుప చట్రం, నీలం రంగు, బంగారు అక్షరాలు. కింద మా వీధి సంఘం పెద్ద మల్లేశన్న, సర్వేకు వచ్చిన ఇద్దరికి టీ గ్లాసులు అందిస్తూ నవ్వుతున్నాడు.

ఆ కమాన్ గురించి చెప్పాలి. మా సందు ఒక పెద్ద పరుపుబండ మీద ఉంది. ఎవరైనా గుంత తవ్వాలంటే పార విరగాల్సిందే, అందుకే మాకు డ్రైనేజీ కూడా బండమీదే పారుతుంది. బస్తీ అంటే డెలివరీ కుర్రాళ్లు లోపలికి రారు, పిల్లల్ని పెద్ద బళ్లలో చేర్చుకోవడానికి ముఖం చిట్లిస్తారు. దాంతో ఇంటింటికీ చందా వేసుకుని మల్లేశన్న ఆధ్వర్యంలో కమాన్ కట్టారు. హిల్స్ అంటే పక్కనే ఉన్న గొప్పవాళ్ల పేటల గాలి సోకుతుందని. ఫేజ్-2 అంటే ఇంకా దర్జా అని. ఫేజ్-1 ఎక్కడుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

"ఈ స్కీము వెనకబడిన బస్తీలకమ్మా" అన్నారు మేడం గారు. "ఆరోగ్యంలో వెనకబడినవాళ్లను మిగతావాళ్లతో సమానం చేయడానికి సర్కారు ఇచ్చే డబ్బు. మీరు చూస్తే హిల్స్ అంటున్నారు, ఫేజ్ అంటున్నారు."

"పేరులోనే కదండీ హిల్స్! లోపలికి వచ్చి చూస్తే తెలిసేది కదా?"

"వచ్చారమ్మా. ఇది బస్తీయేనా అని అక్కడివాళ్లనే అడిగారు. అందరూ కాదన్నారట. చిన్నపిల్లలతో సహా."

నేను యాదమ్మక్క వంక చూశాను. ఆమె సీలింగు ఫ్యాన్ వంక చూసింది.

మెట్లు దిగుతున్నప్పుడు తనే చెప్పింది. "నేను సుత కాదనే చెప్పిన. వచ్చినోళ్లు మెడలల్ల కార్డులు ఏసుకోని, ఇండ్లు లెక్కపెట్టుకుంట వచ్చిండ్రు. బస్తీ అంటే రేపు మిషిన్ దెచ్చి కూలగొడ్తరు, కాలనీ అనుండ్రి అన్నడు మల్లేశన్న. గాళ్లు దవాఖాన కోసం అడుగుతుండ్రని ఎవరికెర్క?"

"వాళ్లనే అడగాల్సింది, ఎందుకు అడుగుతున్నారని."

"కార్డు ఏసుకున్నోన్ని ఎందుకొచ్చినవ్ అని మనం ఎన్నడన్న అడిగినమా?"

ఒక ఇల్లు నిలవాలంటే కాలనీ అనాలి, ఒక పిల్లాడికి ఊపిరాడాలంటే బస్తీ అనాలి. ఈ రెండు ప్రశ్నలూ వేసేది ఒకే సర్కారు. ఏ రోజు ఏది అడుగుతున్నారో మాత్రం చెప్పరు. ఆ మెట్ల మీద నిలబడి నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు. కింద కుర్రాడు ఇంకో కరపత్రం ఇచ్చాడు. వాడి మీద అరిచాను.

హాస్టల్ వంటగది

పెద్ద సార్‌ను కలిస్తే తప్ప ఏమీ కాదని, ఆయన మర్నాడు పంజాగుట్టలో ఒక హోటల్లో జరిగే సదస్సులో ఉంటారని మేడం గారు చెప్పి పంపారు. యాదమ్మక్క పనికి వెళ్లాలి. నన్ను కూడా హాస్టల్‌కు తీసుకెళ్లి వంటగదిలో పీట వేసింది.

అక్కడ అమ్మాయిల్లో సగం మా కోస్తావాళ్లు. పప్పులో పులుపు తక్కువైందని ఒకతె, సాంబారు తియ్యగా ఉందని ఒకతె. యాదమ్మక్క అందరికీ ఒకటే సమాధానం: "జాబొచ్చినంక మంచిగ వండుకోని తినుండ్రి బిడ్డా." నాకు మాత్రం తన కోసం చేసుకున్న పచ్చిపులుసు పోసింది. మా ఇంట్లో చారు కాచకుండా ఎవరూ తినరు. ఇది పొయ్యి ఎక్కదు. చింతపండు పిసికిన నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త బెల్లం. మొదటి ముద్దకు ముఖం చిట్లించి రెండోసారి అడిగి పోయించుకున్నాను. ఆ రోజు మొత్తంలో నాకు మంచి జరిగింది అదొక్కటే.

తింటూ ఫోన్ చేశాను. అభి బాగానే ఉన్నాడంది యాదమ్మక్క అత్తగారు. మళ్లీ చేశాను. బాగానే ఉన్నాడంది. మూడోసారికి, "నువ్ ఫోన్ జేస్తే ఆట ఇడిసిపెట్టి ఉరికొస్తుండు, అందుకే ఎగపోస్తుండు" అని విసుక్కుంది. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి చేతులెత్తేసింది కూడా. "రేపు నాతోని కాదు బిడ్డా. వాని ఆయాసం జూస్తే నాకు ఆయాసం వస్తుంది."

మా ఆయన లిఫ్టుల మరమ్మతు పని మీద ఊరు మీద ఊరు తిరుగుతుంటారు. కాబట్టి మంగళవారం అభి కూడా మా యాత్రలో చేరాడు. సంచిలో వాడి స్వెట్టరు, నీళ్ల సీసా, డాక్టరు రాసిచ్చిన ఆవిరి మందు గొట్టాలు. అవి లేకుండా నేను కూరగాయలకు కూడా వెళ్లను.

మంగళవారం, పంజాగుట్ట

ఫ్లైఓవర్ కింద దిగి హోటల్ వెతుక్కుంటూ నడిచాం. పంజాగుట్టలో టీ కొట్టులో కూడా ఏసీ పెట్టుకున్నారు, టీ ధర దానికి తగ్గట్టే ఉంది. మా సందులో రెండు టీల డబ్బు ఇక్కడ ఒక టీ. యాదమ్మక్క గ్లాసు అడుగు చూసి, "గింతేనా?" అంది. "గింతేనమ్మా, ఇది పంజాగుట్ట" అన్నాడు అతను, ఏదో బిరుదు చెప్పినట్టు.

హోటల్ గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను యాదమ్మక్క టిఫిన్ డబ్బా తీసుకుని టోకెన్ ఇచ్చాడు. బయటి తిండి లోపలికి రాకూడదట. "ఏ ఫంక్షన్? పెళ్లా, బారసాలా?"

"వెనకబడినవాళ్ల ఆరోగ్యం" అన్నాను.

"ఫస్ట్ ఫ్లోర్, రైట్ సైడ్. లెఫ్ట్ సైడ్ పోకుండ్రి, గదేమో చీరల ఎగ్జిబిషన్."

మేడమీద ఒక అమ్మాయి పూలదండల పక్కన కూర్చుని పేర్లు రాసుకుంటోంది. మెడలో వేసుకునే కార్డులు అచ్చువేసి ఇస్తోంది. "ఎక్కణ్నుంచి వచ్చారు?" అని అడిగితే నేను సంచి సర్దుకునేలోపు యాదమ్మక్క అలవాటుగా, "సిరి హిల్స్, ఫేజ్-2" అనేసింది. కార్డు వచ్చేసింది. మెడలో వేసుకుంది కూడా.

"అక్కా!"

"నోట్లకెల్లి వచ్చేసింది లాస్య మమ్మీ. ఇగ వాపస్ దీసుకుంటరా గాళ్లు?"

హాలు లోపల చలి. నేను అభికి స్వెట్టరు తొడిగి, దాని మీద నా చున్నీ చుట్టాను. వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు. ఈక్విటీ, ఈక్విటీ అనే మాట ప్రతి ఒక్కరి నోటా వస్తోంది.

"ఈక్విటీ అంటే ఏంది?" అని అడిగింది యాదమ్మక్క.

"ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకు ఎక్కువ ఇవ్వడం."

"మా హాస్టల్ల గట్ల వడ్డిస్తే ఓనర్ నన్ను ఎల్లగొడ్తడు."

విరామంలో ఫలహారాలు పెట్టారు. పెద్దవాళ్లంతా చిన్న గిన్నెల్లో ఏదో స్పూన్లతో తింటూ ఎంతో బాగుందంటున్నారు. చూస్తే జొన్న గటక. దాని పక్కన పేరు అట్ట మీద రాసి నిలబెట్టారు, మిల్లెట్ పారిజ్ అని. యాదమ్మక్క కాసేపు దాన్ని చూసి, "గిదే తిని తిని ఇసుగొచ్చి పట్నం వచ్చినం. గిది మా యెన్కనే బస్సెక్కి వచ్చింది" అంది. తినలేదు. ఇడ్లీ తీసుకుంది.

కాఫీ మెషిన్

అభికి దగ్గు అప్పుడే మొదలైంది. ముందు ఒకటి, తర్వాత వరుసగా. నేను చొక్కా ఎత్తి చూశాను. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. వాడు ఏడవడం లేదు. ఏడవడానికి కూడా ఊపిరి కావాలి. నా ముఖం వంక చూస్తున్నాడు, నేను భయపడుతున్నానా లేదా అని.

గోడవారన బల్లల మీద, బస్తీ క్లినిక్కులకు ఇచ్చే సామాను ప్రదర్శనకు పెట్టారు. బీపీ యంత్రం, తూకం యంత్రం, వాటి మధ్యలో కొత్త నెబ్యులైజర్, మాస్కు ఇంకా ప్లాస్టిక్ కవరులోనే. నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అక్కడ నిలబడ్డ టై కట్టుకున్న అబ్బాయి, "మేడం, ముట్టుకోవద్దు. అది డిస్‌ప్లే పీస్" అన్నాడు.

"పనిచేస్తుందా?"

"పనిచేస్తుంది మేడం, కానీ డిస్‌ప్లేకి."

ఆ తర్వాత నేను ఏమన్నానో నాకు పూర్తిగా గుర్తులేదు. ఆ మాటలు ఇక్కడ రాయతగినవి కూడా కావు. అతను పక్కకు తప్పుకున్నాడు. దగ్గర్లో ప్లగ్గు ఒకటే ఉంది, అందులో కాఫీ మెషిన్ గుచ్చి ఉంది. యాదమ్మక్క దాన్ని ఊడపీకి ఇది గుచ్చింది. నేను మందు గొట్టం విరిచి పోశాను. జుయ్‌మని శబ్దం వచ్చింది, మాస్కులోంచి తెల్లటి ఆవిరి వచ్చింది. అభి నా ఒళ్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. హాల్లో నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి వీపు మీద చెవి ఆనించి విని, "మంచి పని చేశారు, అయ్యేదాకా ఉంచండి" అని తలమీద చెయ్యి వేసి వెళ్లారు.

మా చుట్టూ ఖాళీ కప్పులతో జనం పోగయ్యారు. బాబుకు ఎలా ఉందని ఇద్దరు అడిగారు. కాఫీ ఎందుకు ఆగిందని మిగతావాళ్లు అడిగారు. అలా కాఫీ కోసం వచ్చినవారిలో పెద్ద సార్ కూడా ఉన్నారు.

ఆయన మోకాళ్ల మీద వంగి అభిని పలకరించారు. "ఎక్కణ్నుంచి వచ్చారమ్మా?"

ఆయాసపడుతున్నది నేనే అన్నట్టు గబగబా చెప్పాను. హాలు, సాయంత్రం, గ్రాంటు, నెలాఖరు, పరుపుబండ బస్తీ. ఆయన శ్రద్ధగానే విన్నారు. విని, యాదమ్మక్క మెడలోని కార్డు చదివారు.

"ఫేజ్-2 అని ఉంది కదమ్మా?"

యాదమ్మక్క కార్డు తిప్పేసింది. వెనకవైపు కూడా అదే అచ్చు.

"సార్, అది కమాన్ పేరు. మనుషుల పేరు కాదు."

"నాకు అర్థమైంది. కానీ రేపు ఆడిట్ వాళ్లు, హిల్స్‌కు గ్రాంటు ఏంటయ్యా అంటే నేను ఏం చూపించాలి? మీ సందు మొదట్లో బస్తీ అని రాసి ఉన్న బోర్డు ఫోటో పంపండి. గురువారం మనిషిని మళ్లీ పంపి అడిగిస్తాను."

"అడిగిస్తే?"

"అక్కడివాళ్లు ఏమంటే అదే రాస్తాం."

ఇంత పెద్ద హోటలు, ఇంతమంది చదువుకున్నవాళ్లు, ఇంత చలి. చివరికి మా పిల్లాడి ఊపిరి ఒక బోర్డు మీద అక్షరాలకు వచ్చి ఆగింది. దణ్ణం పెట్టాను. మెషిన్ తుడిచి బల్లమీద పెట్టాను. టై అబ్బాయి దాన్ని మళ్లీ సరిగ్గా మధ్యలోకి జరిపాడు.

కిందికి వచ్చాక టోకెన్ పోయింది. యాదమ్మక్క డబ్బా కోసం సెక్యూరిటీ అతనితో పెట్టుకున్న గొడవ, లోపల నేను పెట్టుకున్నదానికన్నా బాగా జరిగింది. డబ్బా తెచ్చుకుంది.

తిరిగి కమాన్ కిందికి

మల్లేశన్నది షామియానాల దుకాణం. బుధవారం పొద్దున్నే ఇద్దరం అక్కడికి వెళ్లాం. కుర్చీలు తుడుస్తున్నాడు.

"కమాన్ దించుడా?" అన్నాడు. "లాస్య మమ్మీ, గది నిలబెట్టనీకి నా చెప్పులు అరిగినయ్. శుక్రవారం మా తమ్ముని కొడుకును చూడనీకి పిల్ల తరఫోళ్లు వస్తుండ్రు. బస్తీ అని కనిపిస్తే గాణ్నుంచే వాపస్ పోతరు."

"గాళ్లు పిలగాన్ని చేసుకుంటరా, కమాన్‌ను చేసుకుంటరా?" అంది యాదమ్మక్క.

"నువ్వు జర ఊకో వదినా. బస్తీ అని మనమే రాసుకుంటే రేపు బుల్డోజర్ వస్తే ఎవరు అడ్డం పడ్తరు? నువ్వా?"

ఆయన భయం ఉత్తది కాదు. వెనక గుట్టమీద ఇళ్లు పడగొట్టినప్పుడు ఆ సామాను ఈ దుకాణంలోనే పెట్టుకున్నారు.

"అన్నా, మీరు షుగర్ పరీక్ష ఎక్కడ చేయించుకుంటారు?" అని అడిగాను.

"ఎక్కడేంది, హాల్ల. సిస్టరమ్మ చేస్తది."

"నెలాఖరు తర్వాత?"

కుర్చీ తుడుస్తున్న గుడ్డ ఆగింది. ఈ సంగతి ఆయనకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. వీధి పెద్దకు చెప్పకుండానే సర్కారు లెక్కల్లో మా వీధి పెద్దదైపోయింది.

యాదమ్మక్క గొంతు మార్చింది. "అన్నా, బోనాలకు ఎట్లగూడ ఫ్లెక్సీ కట్టిస్తవు గదా. గీసారి గా కమాన్ మీదనే కట్టు. పరుపుబండ బస్తీ ప్రజలకు శుభాకాంక్షలు అని రాయి. గురువారం గాళ్లొచ్చి పోతరు. శుక్రవారం పొద్దుగాల ఇప్పేయి. నీ ఫోటో మంచిగ పెద్దగ పెట్టుకో."

మల్లేశన్న ఆలోచించాడు. "ఎంత పెద్దగ?"

"ఎల్లమ్మ తల్లి కంటే జర చిన్నగ."

సాయంత్రానికి అమీర్‌పేట నుంచి ఫ్లెక్సీ వచ్చింది. కమాన్‌కు ఈ చివర నుంచి ఆ చివర దాకా కట్టారు. ఒకవైపు అమ్మవారు, ఒకవైపు నల్లకళ్లద్దాలతో మల్లేశన్న, మధ్యలో బెత్తెడు అక్షరాలు. నేను ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తి, ఆగిపోయాను.

పరువుబండ బస్తీ ప్రజలకు బోనాల పండుగ శుభాకాంక్షలు.

పు బదులు వు పడింది. నాకు ఏడుపొచ్చింది. మూడు రోజులు తిరిగి తిరిగి, మనుషుల్ని బతిమాలి, చివరికి కంప్యూటర్లో లేని ఇంకో కొత్త ఊరు పుట్టించుకున్నాం. మళ్లీ వేయించమంటే ప్రింటర్ వాడు శనివారం అన్నాడు. మల్లేశన్న మాత్రం వెనక్కి నడిచి, తల పక్కకు వంచి, చాలాసేపు చూశాడు.

"ఉండనీయి లాస్య మమ్మీ. గిది సుత తప్పేం లేదు" అన్నాడు.

అదే ఫోటో పెద్ద సార్ ఫోనుకు పంపాను. దాని కింద నేను చేతనైనంత మర్యాదగా, అక్షరదోషం గురించి ఒక వాక్యం రాశాను. జవాబు రాలేదు. చూసినట్టు మాత్రం గుర్తు పడింది. ఆ సాయంత్రం హాల్లో సిస్టర్ గారు, "పెట్టె దొరికిందా?" అని మళ్లీ అడిగారు. వెతుకుతున్నానన్నాను.

గురువారం పొద్దున లాస్యకు జడ వేస్తున్నాను. దానికి ఏడేళ్లు. అభి మంచం కింద నుంచి అట్టపెట్టె లాగి అందులో కూర్చుని హారన్ కొడుతున్నాడు.

"బడికి వెళ్లేలోపు ఒక సార్ రావచ్చు. మెడలో కార్డు ఉంటుంది. ఇది ఏ ఊరమ్మా అని అడుగుతాడు. బస్తీ అని చెప్పు" అన్నాను.

"కాలనీ అనాలి కదా? డాడీ అదే చెప్పమన్నాడు. మా ఫ్రెండ్సందరికీ నేను ఫేజ్ టూ."

"ఈ రోజు బస్తీ."

"అబద్ధం చెప్పకూడదన్నావుగా. రెండింట్లో ఏది అబద్ధం?"

రిబ్బను ముడి వేస్తూ చెప్పాను. "ఫేజ్-2 మనం కట్టుకున్నది. బండ మనం రాకముందు నుంచే ఉంది. తమ్ముడికి మెషిన్ ఆ బండ పేరు మీదే వచ్చింది."

"మరి బ్యానర్ మీద పరువు అని ఉంది. పరువంటే?"

"అది సాయంత్రం చెప్తాను. ముందు ఆ సార్‌కు బస్తీ అని చెప్పు. సిగ్గేస్తే మెల్లగా చెప్పు. కానీ చెప్పు."